రెండు దెబ్బల మధ్య

భాగమ్మ వచ్చేసరికి తాండూరులో ఇంకా తెల్లారలేదు. బండల పాలిషింగ్ యూనిట్ వాకిట్లో అజమత్ ఒక్కడే ఉన్నాడు. నిన్నటి రాతి బురద ఎండి సున్నంలా తేలిన నేల మీద నీళ్లు చిలకరించి ఊడుస్తున్నాడు. ఆరింటికి కుంగ్‌ఫూ క్లాసుకు కుర్రాళ్లొస్తారు, ఎనిమిదింటికి మిషన్లు మొదలవుతాయి. నడుమ ఉన్న ఆ రెండు గంటలూ వాకిలి సేటుది కాదు, పాండురంగం మాస్టరుది. ఎనిమిది తర్వాత అజమత్ ఆ యూనిట్లో కూలీ. ఎనిమిదికి ముందు మాస్టరుకు పెద్ద శిష్యుడు.

"అజమతూ" అంది భాగమ్మ గేటు దగ్గరే నిలబడి.

అతను చీపురు ఆపలేదు. ఆపితే ఆమె ముఖం చూడాల్సి వస్తుంది. ఆ ముఖం ఎదురుపడకూడదని నలభై రోజులుగా ఆమె పనిచేసే పప్పు మిల్లు దారి మానేసి స్టేషన్ చుట్టూ తిరిగి పనికొస్తున్నాడు. దారి మార్చుకుంటే తీరిపోయేదైతే ఇంకేం, లోకంలో దొంగలందరూ హాయిగా నిద్రపోదురు.

"హనుమంతు గోడ మీద గీతలు గీసిండు కొడుకా, బొగ్గుతోని. మొన్న ఇల్లు అలుకుతుంటే కండ్ల వడ్డయి. చెరిపెయ్య బుద్ధి గాలె. లెక్కవెట్టిన. తొంభై అయిదున్నయి. గవేం గీతలు?"

"దీక్ష పెద్దమ్మా. వంద రోజులు పొద్దుగాల లేచి, ఏం తినకుంట గంట సేపు నిలబడాలె. దినానికో గీత."

"అంటే అయిదు తక్కువున్నయి."

అజమత్ చీపురు వేగం పెంచాడు.

"గా అయిదు నేను నిలబడ్త. ఎట్ల నిలబడాల్నో సూపెట్టు."

అప్పుడు చూశాడు ఆమెను. చూసి బెదిరిపోయాడు. తూర్పారబట్టే చేటను ఒంటి చేత్తో ఎగరేసే మనిషి, మెడ నరాలు తేలి, రవిక చేతులు వదులై, పెద్దావిడెవరో భాగమ్మ బట్టలు కట్టుకొచ్చినట్టుంది.

"ఆడోళ్లు నిలబడరు పెద్దమ్మా. నీకెందుకు గది?"

"నా చేతుల మీదనే ఆగిపోయె గదా. నా చేతుల మీదనే నిండనీ" అంది భాగమ్మ.

*

ఆ మాటకు అర్థం తాండూరులో తెలియనివాళ్లు లేరు.

ఆ యేడు, అంటే ఎనభై ఒకటిలో, చీనా కొట్లాటల సినిమా ఆడని టూరింగ్ టాకీసు లేదు. గోచీ పెట్టే వయసు దాటిన ప్రతివాడూ గాలిలో కాళ్లు విసిరేవాడే. పాండురంగం మాస్టరు మాత్రం సినిమా చూసి నేర్చుకున్నవాడు కాదు. లారీల మీద కలకత్తా దాకా పోయి, అక్కడ చెప్పులు కుట్టే ఒక చీనా ముసలాయన దగ్గర ఆరేళ్లుండి నేర్చుకున్నాడు. తన్నులూ గుద్దులూ తర్వాత, ముందు నిలబడడం నేర్వమంటాడు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు జర వంచి, ఎదురుగా నీళ్ల గోలేన్ని కావలించుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టాలి. నాలుక అంగిట్లో ఆనించి, ఊపిరిని బొడ్డు కింద నాలుగు వేళ్ల దూరం దాకా దించాలి. అక్కడ నిలిచే శక్తిని ఆయన 'చీ' అంటాడు. మొదటి రోజు ఆ మాట విని కుర్రాళ్లంతా పడి పడి నవ్వారు. వారం తిరిగేసరికి తొడలు వణికి ఒక్కడికీ నవ్వు రాలేదు.

అయితే గంటసేపు కదలకుండా నిలబడేవాణ్ణి చూడ్డానికి జనం ఎందుకొస్తారు? జనానికి ఏదో ఒకటి పగలాలి. అందుకని ప్రదర్శన పెట్టినప్పుడల్లా ఒకడు పడుకుంటే ఛాతీ మీద తాండూరు బండ పెట్టి, మాస్టరు సమ్మెటతో పగలగొట్టేవాడు. నలభై రోజుల కింద వికారాబాద్ సంత మైదానంలో ఆ బండ కింద పడుకున్నవాడు భాగమ్మ కొడుకు హనుమంతు. బండ పగిలింది, వాడు లేవలేదు. లేపి కూర్చోబెడితే నెత్తురుతో పాటు జొన్నరొట్టె కక్కాడు. "తిన్నడు! తినొద్దంటే తిన్నడు!" అని మాస్టరు వెయ్యిమంది ముందు కేక పెట్టాడు. తిన్న కడుపుతో శక్తి లేవదు, లేవకపోతే బండ భారం ఎముకలే మోయాలి. జీపులో పట్నం తీసుకుపోతుంటే శంకర్‌పల్లి దాటకముందే ప్రాణం పోయింది.

రొట్టె తినిపించింది తల్లే. రైలుకు పోయే పిల్లగాడు వట్టి కడుపుతో పోతాడా అని నాలుగింటికే లేచి చేసింది. వాడు వద్దంటే, నడిచేవాడి వెంటపడి, స్టేషన్ గేటు దగ్గర నోట్లో కుక్కింది. ఆ ముచ్చట మిల్లులో తానే సంబరంగా చెప్పుకుంది, పొద్దున, ఇంకా కబురు రాకముందు. సాయంత్రానికి అదే మాట ఊరి నోట్లో పడి తిరిగొచ్చింది. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. ఊరు మాత్రం తల్లి చేతి రొట్టె అని రాసుకుంది. ఊరి రాతకు తుడుపు లేదు. ఆనాటి నుంచి భాగమ్మ పెనం పొయ్యికెక్కలేదు.

*

మాస్టరు ఆరింటికి వచ్చాడు. భాగమ్మను చూసి చెప్పులు విడవబోయినవాడు మళ్లీ తొడుక్కున్నాడు. ఆమె అడిగింది విన్నాడు. అడ్డు చెబుతాడనుకున్నాడు అజమత్. మాస్టరు గుట్టగా పేర్చిన బండల వైపు చూస్తూ "నిలబడనీ" అన్నాడు. అంతే అని కుర్రాళ్ల వైపు పోయాడు.

క్లాసులో రెండో వరుసలో మూడో చోటు ఖాళీగా ఉంటుంది. వదిలేయమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అక్కడ నిలబడరు. అజమత్ ఆమెను ఎక్కడో గోడవార నిలబెడదామనుకుంటే ఆమె నేరుగా పోయి అక్కడే నిలబడింది. ఎవరు చెప్పారో దేవుడికెరుక. కుర్రాళ్లలో ఒకడు నోరు తెరిచాడు గానీ అజమత్ చూపుకు మూసుకున్నాడు.

"మోచేతులు జర కిందికి పెద్దమ్మా. భుజాలు వదిలెయ్. గోలెం కావలించుకున్నట్టు."

"గోలెమెందుకు" అంది భాగమ్మ కళ్లు మూసుకుని. "పిల్లగాన్ని ఎత్తుకున్నట్టే ఉన్నది."

అజమత్ ఆమె మోచేతులు సవరించి తన చోటికి పోయి నిలబడ్డాడు. ఊపిరి దించాడు. బొడ్డు దాకా దిగే ఊపిరి నలభై రోజులుగా అతనికి రొమ్ము దగ్గరే ఆగుతోంది. ఆగిన చోట ఒక చప్పుడు వినిపిస్తుంది. ఖంగుమని, గుడి గంటలాగా.

*

ఆ చప్పుడు సంగతి అజమత్‌కు తప్ప ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

ప్రదర్శనకు బండ ఎంచేది అతనే. పగులున్న బండ కావాలి. పైకి కనపడకుండా లోపల నెర్రె ఉంటే సమ్మెట ఆనగానే రెండు ముక్కలవుతుంది, కింద ఉన్నవాడికి దెబ్బ అందదు. పడుకునేవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పరు, చెబితే శక్తి మీద నమ్మకం పోతుందని. బండల పని చేసేవాడికి నెర్రె పట్టడం ఎంతసేపు? బండను అంచు మీద నిలబెట్టి చిన్న సుత్తితో ఒక్కటి వేయాలి. నిక్కమైన బండ ఖంగుమంటుంది. పగులుంటే డొక్కు కుండలా పలుకుతుంది. నిలబెట్టి కొట్టాలి, పండబెట్టి కాదు. పనిలో చేరిన మొదటి రోజే ఎవరైనా చెప్పే మాట అది.

వికారాబాద్ ప్రదర్శనకు ముందు రోజు సాయంత్రం తోటి కూలీలు వెళ్లిపోయారు. ఇద్దరు ఎత్తాల్సిన బండ. మిషను కింది నుంచి వచ్చిన బండలు తడి తడిగా, బురదతో ఒకదానికొకటి అంటుకొని గుట్టలో పడి ఉన్నాయి. అజమత్ ఉన్నదాన్ని ఉన్నట్టే కొట్టి చూశాడు. డొక్కుగా పలికింది. సుద్దముక్కతో గుర్తు పెట్టి ఇంటికి పోయాడు. బురదలో కరుచుకుని పడుకున్న బండ ఎంత గట్టిదైనా పలకదని అతనికి తెలుసు. తెలిసీ, నడుము నొప్పి పుట్టి, వదిలేశాడు.

వికారాబాద్‌లో మాస్టరు మొదటి దెబ్బ వేశాడు. బండ పగల్లేదు. ఖంగుమంది.

సంతలో వెయ్యిమందికి అది వట్టి చప్పుడు. అజమత్‌కు మాత్రం కాళ్ల కింది నేల పోయింది. మాస్టరు సమ్మెట మళ్లీ పైకెత్తాడు, ఈసారి ఇంకా ఎత్తుకు. ఆ ఎత్తే వ్యవధిలో "ఆపుండ్రి" అనవచ్చు. ఒక్క మాట. అంటే ఎందుకని అడుగుతారు, పగులు బండల నాటకం బయటపడుతుంది, మాస్టరు పరువు పోతుంది, తన పరువు పోతుంది. ఇవన్నీ ఆలోచించడానికి టైము దొరికింది గానీ అరవడానికి దొరకలేదు.

హనుమంతు తల తిప్పి అతని వైపే చూశాడు. రెండో దెబ్బ పడింది.

*

రెండో రోజు భాగమ్మ వచ్చింది. మూడో రోజు వచ్చింది. నోట్లో గంజి చుక్క కూడా పోయకుండా వచ్చి, నిలబడి, అక్కడి నుంచి అటే మిల్లుకు పోయి కందులు చెరుగుతోంది. ఇంటికి పోయాక ఏమైనా తింటుందా అంటే అదీ అనుమానమే. అజమత్ తల్లి వజీరాబీ ఖిచిడీ పంపిస్తే, గిన్నె మూత తీయకుండానే దండం పెట్టి తిరిగి పంపింది.

"ఏమన్నా అంటే కన్నీళ్లు పెట్టుకుంటదిరా, అన్నం మాత్రం ముట్టదు" అని చెబుతూ వజీరాబీ చాయ్ గ్లాసు కొడుకు ముందు పెట్టింది. పెట్టి కదలకుండా నిలబడింది. "నీంద్‌మే ఏక్, ఏక్ బోల్తాయ్ రే. దో కబ్ ఆతా?" అంది. నిద్రలో ఒకటి, ఒకటి అంటావు, రెండు ఎప్పుడొస్తుందిరా అని.

అజమత్ చాయ్ తాగకుండానే లేచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తల్లి అడిగిన మాటకు చెమటలు పట్టి, పొద్దున్నే చలిలో అంగీ తడిసింది.

ఆ రోజు మిషను మీద మూడు బండలు అంచులు విరగ్గొట్టాడు. మేస్త్రీ తిట్టాడు. తిడుతున్నంతసేపూ సుఖంగా ఉంది.

*

నాలుగో రోజు, గంట నిండడానికి ఇంకాస్త ఉందనగా భాగమ్మ కూలింది. ఉత్తగా మోకాళ్ల మీద కూర్చుని పక్కకు ఒరిగింది. అజమత్ ఉరికి పట్టుకున్నాడు. చేతుల్లో బరువే తెలియలేదు. రోజంతా బండలు మోసే చేతులకు ఆ తేలిక భరించరానిదైంది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది.

"పడ్డది లెక్కకొస్తదా, రాదా?" ఇదీ ఆమె మొదటి మాట.

"వస్తది పెద్దమ్మా."

"మాస్టర్ను అడుగు."

మాస్టరు దూరం నుంచే "వస్తది" అన్నాడు.

ఆమెను రిక్షా ఎక్కించి వచ్చాక అజమత్ మాస్టరు ఎదుట నిలబడ్డాడు. "ఆమె చచ్చిపోతది మాస్టర్. గా రొట్టె ముచ్చట మనమన్నా తీసెయ్యాలె."

"రేపొక్కనాడే గదా" అన్నాడు మాస్టరు.

"ఎల్లుండి నుంచి? ఎల్లుండి నుంచి ఆమె దేని కోసం బతుకుతది?"

మాస్టరు షెడ్డు వైపు కదిలాడు. సమ్మెట వికారాబాద్ నుంచి తెచ్చింది తెచ్చినట్టే షెడ్డు మూలన గోనెపట్టా కింద ఉంది. దాన్ని దాటి పోయేటప్పుడు ఆయన ఎప్పుడూ ఎడంగా నడుస్తాడని అజమత్ ఆ రోజే గమనించాడు.

పనిలో, ఇంట్లో, నమాజులో, ఆ రోజంతా అతను ఒక్క మాటే లోపల తిప్పుకున్నాడు. చెబితే జైలు. చెబితే యూనిట్లో పని పోతుంది, తాండూరులో ఏ యూనిట్ వాడూ రానివ్వడు. చెప్పకపోతే ఏమీ కాదు. తనకు ఏమీ కాదు. మింగలేక కక్కలేక ఉన్న మనిషికి ఆ 'ఏమీ కాదు' అనేదే గొంతులో అడ్డం పడింది.

*

అయిదో రోజు అతను వాకిలి ఊడవలేదు. భాగమ్మ గేటు తోసుకొని వచ్చి తన కొడుకు చోట నిలబడింది. అంతకుముందు రోజుల కంటే త్వరగా వచ్చింది, మంచు ఇంకా బండల మీద తేమగా ఉంది. చేతులు గుండ్రంగా పెట్టి కళ్లు మూసుకుంది. ఇప్పుడు ఆమెకు ఎవరూ సవరించనక్కరలేదు.

అజమత్ ఆమె ఎదురుగా నిలబడ్డాడు. అరగంట అట్లాగే నిలబడి, అప్పుడు అన్నాడు.

"పెద్దమ్మా, రొట్టె కాదు."

ఆమె కదల్లేదు.

"బండ. నేను తెచ్చిన బండ. ఎప్పుడు తెచ్చినా లోపల పగులున్నదే తెస్తుంటి, అలకగ పగలాల్నని. గా దినం సరిగ చూడలె. నిలబెట్టి కొట్టి చూడాలె, చూడలె. పగులు లేని బండ తీసుకపోయి నీ కొడుకు మీద పెట్టిన. మొదటి దెబ్బకే నాకు ఎరుకయింది. ఆపుండ్రి అని అరిస్తే ఆగుతుండె. అరవలె. ఏం తిన్నా, తినకున్నా, గా బండ కింద ఎవ్వడూ బతకడు పెద్దమ్మా. నీ రొట్టెకు ఏం సంబంధం లేదు."

భాగమ్మ చేతులు అట్లాగే ఉన్నాయి. కనురెప్పలు మాత్రం వణికాయి.

"ఎంతసేపాయె నేను నిలబడి?"

"సగం అయింది."

"మిగిలిన సగం అయినంక మాట్లాడు."

అజమత్‌కు ఆ అరగంట ఎంత పొడుగో చెప్పనలవి కాదు. ఆమె నిలబడి ఉంటే తాను కూర్చోలేడు, పోలేడు. ఎదురెదురుగా ఇద్దరూ నిలబడ్డారు. అతను చేతులు పైకి తీయలేదు, ఊరకే వేలాడేశాడు. హనుమంతు పక్కన తొంభై అయిదు పొద్దులు ఇట్లాగే నిలబడ్డాడు తను. వాడు నిలబడలేక కొంటెగా ఒంటికాలి మీద వాలితే మాస్టరుకు కనపడకుండా అడ్డం జరిగేవాడు. ఆ చిన్న మోసాలన్నీ ఇప్పుడు వరసపెట్టి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఏడవడానికి తనకు హక్కు లేదనిపించి ఆపుకున్నాడు.

గూడ్సు బండి కూత వేసుకుంటూ వాడి జంక్షన్ వైపు పోయాక ఆమె మెల్లగా చేతులు దించింది.

"మొదటి దెబ్బకు నా కొడుకు అరిచిండా?"

"లే. నా దిక్కు చూసిండు."

"చూస్తే?"

"నేను తల దించుకున్న."

గేటు దగ్గర చెప్పుల చప్పుడైంది. పాండురంగం మాస్టరు ఎప్పుడొచ్చాడో, గోడ పట్టుకొని నిలబడి ఉన్నాడు. "వాన్నొక్కన్నే అనకు భాగమ్మా" అన్నాడు. "నాకు గూడ ఎరుకే."

అజమత్ వెనక్కి తిరిగాడు.

"ముక్కలు తిప్పి చూసిన గా దినమే. పాత పగులుంటే అంచుకు పసుపు మరక ఉంటది. ఏ ముక్కకూ లేకుండె. అన్నీ నీలంగ, తాజాగ ఉండె. బండది తప్పంటే పోలీసోళ్లు అజమత్‌ను గుంజుకపోతరు. సమ్మెట నా చేతిల ఉండె, నన్ను గూడ. వాంతిల రొట్టె కనవడ్డది. నోటికొచ్చింది. తర్వాత గదే మంచిదనుకున్న. రొట్టె అంటే ఎవ్వరి మెడకూ ఏం గాదనుకున్న."

అజమత్ తన గుట్టు తానొక్కడే మోస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. దాన్ని ఇంకొకరు భద్రంగా దాచిపెట్టారు, అతని కోసమే. ఆ దాపరికం ఎవరి నెత్తిన పెట్టి దాచారో ఆమె ఎదురుగా నిలబడి ఉంది. మాస్టరు మీద కోపం రావాలి. వచ్చింది సిగ్గు.

"మెడలు మీకిద్దరికే ఉన్నయా?" అంది భాగమ్మ.

గొంతు పెంచలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగి, వాళ్లిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఉన్నచోటనే కూలబడింది. "హనుమంతూ" అంది. మొదట మామూలుగా, లోపలి గదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు. తర్వాత ఇంకోసారి. మూడోసారి పిలిచేసరికి అది పిలుపు కాదు. నలభై అయిదు రోజులుగా ఆమె తన తప్పుకు ఏడ్చింది. కొడుకు కోసం ఏడవడం అదే మొదలు. నేలను అరచేతులతో కొడుతూ, ఊపిరి చాలక ఆగి, మళ్లీ ఏడ్చింది. ఎవరూ దగ్గరికి పోలేదు. పోయే ముఖం వాళ్లకు లేదు.

క్లాసుకు వచ్చిన కుర్రాళ్లు గేటు దగ్గరే గుంపుగా ఆగిపోయారు. అజమత్ వాళ్ల ముందుకు పోయి, బండ ఎట్లా ఎంచాడో, ఎక్కడ నోరు మూసుకున్నాడో, ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలుగులో ఒకసారి, దక్కనీలో ఒకసారి. అర్థం కాలేదనే సాకు ఎవరికీ మిగలకూడదని. "ఇంటికి పోయి చెప్పుండ్రి. మిల్లుల చెప్పుండ్రి. రొట్టె అన్న నోర్లన్నిటికీ చెప్పుండ్రి" అన్నాడు. ఒకడు వెక్కుతున్నాడు. మిగతావాళ్లు మాస్టరు వైపు చూశారు. మాస్టరు అవునన్నట్టు తల ఊపాడు.

"పా" అన్నాడు ఆయన అజమత్‌తో. "ఠాణాల ఇప్పుడు ఎవరో ఒకరు ఉంటరు."

ఇద్దరూ గేటు దాటి నాలుగడుగులు వేశారో లేదో వెనక నుంచి గొంతు వినిపించింది. ఏడ్చి ఏడ్చి బొంగురు పోయిన గొంతే గానీ, మిల్లులో ఆడవాళ్లందరినీ ఒక్క కేకతో నిలబెట్టే పాత భాగమ్మ గొంతు.

"ఆగుండ్రి. నేను గూడ వస్త. మీరిద్దరే పోతే నడుమ తొవ్వల మల్ల ఏం అనుకుంటరో."

కొంగుతో ముఖం తుడుచుకొని, చేతికంటిన రాతిపొడి దులుపుకొని వచ్చింది. వాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె ముందు నడిచింది, వాళ్లిద్దరూ వెనక నడిచారు.